తాత్కాలికం అని రాసే ముందు

స్పెక్కుల్లో నాకు అన్నిటికన్నా భయం వేసే మాట "తాత్కాలికం". "ఈ కాన్ఫిగరేషన్ తాత్కాలికంగా ఉండాలి" అని ఒక్క వాక్యం రాసి, మీటింగులో అందరిచేతా ఔననిపించుకోవడం చాలా సులువు. ఎవరికి కావలసిన అర్థం వాళ్లకు అందులో దొరుకుతుంది మరి. కోడ్ రాసే అమ్మాయి "డిస్కు మీద రాయక్కర్లేదన్నమాట" అనుకుంటుంది. రాత్రి డ్యూటీలో నెట్‌వర్క్ చూసుకునే కుర్రాడు "కాసేపటికి దానంతటదే పోతుందన్నమాట" అనుకుంటాడు. సెక్యూరిటీ ఆయన "జాడ మిగలదు" అనుకుంటాడు. ముగ్గురూ తలూపి లేచిపోతారు. ఎవరేం అనుకున్నారో బయటపడేది రౌటర్ రీబూట్ అయిన రోజున.

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం రౌటర్ సాఫ్ట్‌వేర్‌కి రిక్వైర్‌మెంట్లు రాయడంలోనూ, పక్కవాళ్లు రాసినవి దిద్దడంలోనూ గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నోటిమాటగా చెప్పేవే ఇక్కడ వరసపెట్టి రాస్తున్నాను. ఉదాహరణలకు ఒక పత్రాన్ని తరచుగా పట్టుకుంటాను. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ 2017 సెప్టెంబరులో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సి 8242 అది. రాసినవారు జెఫ్రీ హాస్, సూసన్ హేర్స్. నడుస్తున్న రౌటర్‌లోకి బయటి ప్రోగ్రాములు వేగంగా రూట్లు పెట్టి, అవసరం తీరాక తీసెయ్యడానికి ఒక మార్గం కావాలని ఐ2ఆర్‌ఎస్ అనే వర్కింగ్ గ్రూపు కూర్చుంది. అలా పెట్టిన స్థితి ఎలా బతకాలి, ఎలా చావాలి అన్నదానికే వాళ్లు విడిగా ఓ పత్రం రాయాల్సి వచ్చింది. పేజీలు తక్కువే. కానీ "తాత్కాలికం" అనే ఒక్క మాటను విప్పితే ఎన్ని రిక్వైర్‌మెంట్లు రాలతాయో చూడాలంటే దాన్ని మించింది నాకు కనబడలేదు.

1. ఎంతకాలం అని కాదు, దేనితో పోతుందో రాయండి

రౌటర్‌లో ఒక స్థితి పోవడానికి దారులు చాలా ఉన్నాయి. రీబూట్‌తో పోవచ్చు. దాన్ని పెట్టిన ప్రోగ్రాముతో సెషన్ తెగితే పోవచ్చు. టైమర్ అయిపోతే పోవచ్చు. పెట్టినవాళ్లే తీసెయ్యొచ్చు. రౌటర్ మొత్తం కాకుండా అందులోని ఒక్క ప్రాసెస్ కూలి మళ్లీ లేవచ్చు. రెండు కంట్రోల్ కార్డులున్న పెట్టెలో ఒకటి పోయి రెండోది బాధ్యత తీసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ జరగొచ్చు. "తాత్కాలికం" అన్నప్పుడు వీటిలో దేని గురించి మాట్లాడుతున్నారు? ఒక్కోదానికీ జవాబు రాయకపోతే, కోడ్ రాసేవాళ్లు తమకు సులువైన జవాబు తామే పెట్టుకుంటారు. అది వాళ్ల తప్పు కాదు.

ఇందుకు నేను పిల్లలకు చూపించే నమూనా, కాన్ఫిగరేషన్ మార్చే ప్రోటోకాల్ అయిన నెట్‌కాన్ఫ్‌లో ఉంది, 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 6241లో. కన్ఫర్మ్డ్ కమిట్ అనే సదుపాయం అది. దూరాన ఉన్న రౌటర్‌లో మార్పు చేస్తారు; ఆ మార్పు మీ దారినే తెంపేస్తే మళ్లీ లోపలికి వెళ్లలేరు. అందుకని ముందు తాత్కాలికంగా కమిట్ చేసి, అంతా బాగుంటే ఖాయం చేస్తారు. ఆ పేరాలో మూడు ముగింపులూ విడివిడిగా ఉన్నాయి. గడువులోపు ఖాయం చెయ్యకపోతే పాత కాన్ఫిగ్ వచ్చెయ్యాలి. గడువు చెప్పకపోతే 600 సెకన్లు. గడువు కాకముందే ఆ సెషన్ ఏ కారణంతో తెగినా పాతది రావాలి. సెషన్ తెగినా ఉంచమని పెట్టేటప్పుడే ప్రత్యేకంగా అడిగి ఉంటే తప్ప. ఈలోగా పెట్టె రీబూట్ అయినా పాతదే రావాలి. టైమర్, సెషన్, రీబూట్: మూడూ ఉన్నాయి, మినహాయింపు ఉంది, చెప్పకపోతే ఏమవుతుందో అదీ ఉంది. ఆ పేరాలో "తాత్కాలికం" అనే విశేషణాన్ని కొట్టేసినా అర్థంలో ఏమీ తగ్గదు. విశేషణం తీసేసినా నిలబడాలి, అదే పరీక్ష.

ఐ2ఆర్‌ఎస్ వాళ్లు దీనికి పూర్తిగా వేరే దారి పట్టారు. వాళ్ల లెక్కలో ప్రోగ్రాముకీ రౌటర్‌లోని ఏజెంట్‌కీ మధ్య కనెక్షన్ ఎప్పుడూ నిలిచి ఉండనక్కర్లేదు. ప్రోగ్రాము వచ్చి రూటు పెట్టి వెళ్లిపోవచ్చు. సెషన్ తెగితే పోయే తాత్కాలికం కాదిది, రీబూట్‌తో పోయే తాత్కాలికం. రెండూ సరైన నిర్ణయాలే. చెప్పకపోవడమే తప్పు.

సున్నా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఓపెన్‌ఫ్లోలో (బయటి కంట్రోలర్ స్విచ్చులకు రూళ్లు పంపే పద్ధతి అది) ప్రతి రూలుకీ రెండు గడువులు ఇవ్వొచ్చు: కొంతసేపు ట్రాఫిక్ తగలకపోతే పోయేది ఒకటి, ఏదేమైనా పోయేది ఇంకొకటి. రెండూ సున్నా పెడితే ఆ రూలు ఎప్పటికీ పోదు. అంకెగా చూస్తే అతి చిన్న గడువులా కనిపించేది అర్థంలో అతి పెద్దది. మీ పత్రంలో గడువు అనే మాట వస్తే సున్నాకి అర్థమేమిటో, గడువు ఖాళీగా వదిలేస్తే అర్థమేమిటో అక్కడే రాసెయ్యండి.

2. "దాచక్కర్లేదు" వేరు, "దాచకూడదు" వేరు

మొదటిది వెసులుబాటు, రెండోది నిషేధం. తాత్కాలిక స్థితి గురించి రాసే డ్రాఫ్టుల్లో మొదటి రూపమే ఎక్కువగా కనిపిస్తుంది. రాసేవాళ్ల మనసులో ఉండేది మాత్రం రెండోది.

తేడా ఎక్కడొస్తుందో నెట్‌వర్క్ ఆపరేషన్లలో నాలుగు రాత్రులు గడిపినవాళ్లందరికీ తెలుసు. ఏదో దాడి జరుగుతోందని ఒకరు యాక్సెస్ లిస్టులో ఓ లైను వేస్తారు. అది రన్నింగ్ కాన్ఫిగ్‌లోనే ఉంది, సేవ్ చెయ్యలేదు, రీబూట్ చేస్తే పోతుంది, అంతా సక్రమమే. మర్నాడు ఇంకొకరు వేరే పని మీద అదే పెట్టెలోకి వెళ్లి ఏదో ఇంటర్‌ఫేస్ సరిచేసి, అలవాటుగా రైట్ మెమరీ కొడతారు. ఆ కమాండు తన మార్పు ఏది, నిన్నటివాళ్ల మార్పు ఏది అని చూడదు. రన్నింగ్‌లో ఉన్నదంతా స్టార్టప్‌లోకి వెళ్లిపోతుంది. ఆ లైను ఇక శాశ్వతం. దాన్ని వేసినవాళ్లు కంపెనీ మారి వెళ్లిపోయాక, "ఈ కస్టమర్‌కి మాత్రం ఎందుకు వెళ్లడం లేదు" అని ఎవరో తల పట్టుకుంటారు. లినక్స్ ఫైర్‌వాల్‌డీలో అయితే నడుస్తున్న రూళ్లన్నిటినీ ఒకే దెబ్బకు శాశ్వతం చెయ్యడానికి రన్‌టైమ్-టు-పర్మనెంట్ అని నేరుగా ఓ ఆప్షనే ఉంది. మంచి సదుపాయమే. మధ్యాహ్నం పరీక్ష కోసం వేసిన రూలు కూడా దాంతో పాటే గట్టెక్కుతుంది.

ఆర్‌ఎఫ్‌సి 8242 మొదటి రిక్వైర్‌మెంట్ సరిగ్గా ఈ సందునే మూసింది. పైపైన చూస్తే ఇది నెట్‌కాన్ఫ్‌లోని రాయదగ్గ రన్నింగ్ డేటాస్టోర్ లాగే ఉందే అన్న అనుమానాన్ని తానే ఎత్తి, రన్నింగ్‌ను స్టార్టప్ లాంటి శాశ్వత చోటికి కాపీ చెయ్యొచ్చు కాబట్టి అది చాలదని చెప్పి, ఐ2ఆర్‌ఎస్ స్థితిని శాశ్వతంగా దాచనే కూడదని తేల్చింది. రిక్వైర్‌మెంటుకి పక్కనే కారణం రాయడమంటే ఇది. "ఉన్నదాన్నే వాడుకోవచ్చుగా?" అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. నాలుగేళ్ల తర్వాత చదివేవాళ్లు ఆ వాక్యాన్ని చాదస్తమనుకుని మెత్తబరచరు.

3. పోయినదాన్ని ఎవరు తిరిగి తెస్తారు?

పోవడం గురించి రాసినంత శ్రద్ధగా తిరిగి రావడం గురించి ఎవరూ రాయరు. రీబూట్‌లో పోయిన రూటు మళ్లీ కావాల్సి వస్తే? అదే మొదటి రిక్వైర్‌మెంట్ చెబుతుంది: పెట్టిన ప్రోగ్రామే మళ్లీ పెట్టాలి, ఇంకెవరూ కాదు. రౌటర్ తెలివి ఉపయోగించి "పాపం, కావాలేమో" అని ఎక్కడి నుంచో తెచ్చి పెట్టకూడదు.

అలా రాశాక ఊరుకోవడానికి లేదు. మళ్లీ పెట్టాలంటే, పోయిందని ఆ ప్రోగ్రాముకు తెలియాలి కదా. కనెక్షన్ నిలిచి ఉండనక్కర్లేదని మనమే అన్నాం. కాబట్టి రౌటర్‌లోని ఏజెంటే లేచి "నేను మళ్లీ మొదలయ్యాను" అని చెప్పాలి. ఎవరికి చెప్పాలి? ఎవరెవరు స్థితి పెట్టారో ఆ జాబితా దాని దగ్గర ఉండాలి. జాబితా కూలడంలోనే పోతే చెప్పేదెవరికి? అందుకే 2016లో వచ్చిన ఐ2ఆర్‌ఎస్ నిర్మాణ పత్రం, ఆర్‌ఎఫ్‌సి 7921, ఆ క్లయింట్ల జాబితాను శాశ్వత నిల్వలో ఉంచాలంటుంది. ఏజెంట్ ఎన్నిసార్లు మళ్లీ మొదలైందో చెప్పే లెక్క కూడా ఆ కబురుతో పాటే వెళ్తుంది. తాత్కాలిక స్థితి సక్రమంగా తాత్కాలికంగా ఉండాలంటే, దాని వెనక ఏదో ఒకటి శాశ్వతంగా ఉండాల్సి వచ్చింది! మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే ఇంకో దారి లేదు.

రిక్వైర్‌మెంట్ రాయడంలో నాకు ఇష్టమైన భాగం ఇదే. ఒక వాక్యం నిజంగా కచ్చితమైతే పక్క వాక్యాన్ని తానే అడుగుతుంది. అడగడం ఆగిందంటే, పని అయిపోయి ఉండాలి, లేదా ఎక్కడో మాట జారి ఉండాలి. రెండోదే ఎక్కువ.

4. తీసేసే దారిని, పెట్టినది మూసెయ్యకూడదు

ఈ పాఠానికి రెండు పెద్ద ఉదాహరణలున్నాయి. రెండింట్లోనూ ఉన్నది ఫ్లోస్పెక్. దాడి ట్రాఫిక్‌ను అడ్డుకునే రూళ్లను, రౌటర్లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే బీజీపీ ద్వారానే రౌటర్లన్నిటికీ పంపించే పద్ధతి అది, 2009లో ఆర్‌ఎఫ్‌సి 5575గా వచ్చింది. తాత్కాలిక స్థితికి అంతకన్నా అచ్చమైన ఉదాహరణ దొరకదు. దాడి వచ్చినప్పుడు పెడతారు, తగ్గాక వెనక్కి తీసుకుంటారు, రూలు అందుకున్న ఏ రౌటర్ స్టార్టప్ కాన్ఫిగ్‌లోనూ ఉండదు.

2013 మార్చి 3న క్లౌడ్‌ఫ్లేర్ నెట్‌వర్క్ మొత్తం సుమారు గంటసేపు ఇంటర్నెట్‌లో కనబడకుండా పోయింది. ఒక దాడిని అడ్డుకోవడానికి 99,971 నుంచి 99,985 బైట్ల పొడవున్న ప్యాకెట్లను పారెయ్యమని ఫ్లోస్పెక్ రూలు వెళ్లింది. ఐపీ ప్యాకెట్ 65,535 బైట్లు దాటదు. ఎన్నటికీ ఏ ప్యాకెట్‌కీ తగలని రూలన్నమాట. దాన్ని అందుకున్న రౌటర్లు మెమరీ అంతా మింగేసి కూలిపోయాయి. కొన్ని వాటంతట అవి లేవలేదు. మేనేజ్‌మెంట్ పోర్టులు కూడా అందకపోవడంతో మనుషులు వెళ్లి చెయ్యాల్సి వచ్చింది. ముందు లేచిన చోట్ల మీద నెట్‌వర్క్ మొత్తం బరువూ పడి అవి మళ్లీ కూలాయి. "రూలు తాత్కాలికమే, వెనక్కి తీసుకుంటే పోతుంది" అన్నది నిజమే. వెనక్కి తీసుకొమ్మని వినడానికి రౌటర్ బతికి ఉంటే.

రెండోది 2020 ఆగస్టు 30, సెంచురీలింక్ నెట్‌వర్క్. ఒక ఫ్లోస్పెక్ ప్రకటన వల్ల తమ నెట్‌వర్క్‌లో చాలాచోట్ల బీజీపీ సరిగా నిలబడలేదని ఆ సంస్థే చెప్పింది. బయటి నుంచి గమనించిన ఇంజనీర్లు అది ఎలా జరిగి ఉండొచ్చో ఊహించి ఇలా వివరించారు. రూలు బీజీపీ సెషన్ మీద వస్తుంది. రాగానే ఆ బీజీపీ ట్రాఫిక్‌నే అడ్డుకుంటుంది. సెషన్ తెగుతుంది. తెగితే ఆ సెషన్ తెచ్చిన రూలు కూడా పోతుంది, అంతా బాగవుతుంది. సెషన్ మళ్లీ లేస్తుంది. లేవగానే రూలు మళ్లీ వస్తుంది. అలా తిరుగుతూనే ఉంటుంది. అంతరాయం గంటల తరబడి సాగింది.

ఆ వివరణనే తీసుకుంటే, అందులో ఏ ఒక్క ముక్కా స్పెక్కుకు విరుద్ధం కాదు చూడండి. సెషన్‌తో పాటే స్థితి పోవాలన్నారు, పోయింది. సెషన్ రాగానే స్థితి తిరిగి రావాలన్నారు, వచ్చింది. ఒక స్థితికి ముగింపు ఎక్కడ తగిలించారో, ఆ కొక్కేన్నే ఆ స్థితి పీకెయ్యగలదా అన్న ప్రశ్న ఎవరూ రాయకపోతే ఇలాగే అవుతుంది. అందుకే ఇలాంటి పత్రం నా చేతికొస్తే రెండు వాక్యాల కోసం వెతుకుతాను. కంట్రోల్ సెషన్ల ట్రాఫిక్‌కు తగిలే రూలును రౌటర్ ఒప్పుకోకూడదు అన్నది ఒకటి. ఒకే రూలు వచ్చిన వెంటనే సెషన్ పడిపోవడం వరసగా ఇన్నిసార్లు జరిగితే, ఆ రూలును పక్కనపెట్టి ఆపరేటర్‌కు చెప్పాలి అన్నది రెండోది. ఎన్నిసార్లు అన్నది నెట్‌వర్క్‌ను బట్టి మీరు పెట్టుకోండి, అంకె మాత్రం పెట్టండి.

5. శాశ్వతమైనది తాత్కాలికం మీద ఆనకూడదు

పరంజా మీద గోడ కట్టరు కదా. ఆర్‌ఎఫ్‌సి 8242లో రెండో రిక్వైర్‌మెంట్ అదే చెబుతుంది: శాశ్వత స్థితి తన షరతుల కోసం తాత్కాలిక స్థితిని చూపకూడదు, చూపితే తనిఖీలోనే తప్పుగా తేలాలి. తిరగేస్తే మాత్రం తప్పు లేదు. తాత్కాలికమైనది శాశ్వత కాన్ఫిగ్ మీదా ఆనొచ్చు, క్షణక్షణం మారే నడుస్తున్న స్థితి మీదా ఆనొచ్చు. అలా ఆనినప్పుడు షరతులను రాసే సమయంలో చూస్తారు. తర్వాత అవి చెడితే ఏజెంట్ ఆ ప్రోగ్రాముకు కబురు చెయ్యాలి. తనిఖీ ఎప్పుడో, తర్వాత చెడితే ఎవరేం చెయ్యాలో రెండూ ఉన్నాయి.

ఇక్కడ అసలు బేరం వేగం గురించి. జునిపర్ రౌటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ జూనోస్‌లో రీబూట్‌కి నిలవని ఎఫెమరల్ కాన్ఫిగ్ డేటాబేస్ ఉంది. అందులో కమిట్ త్వరగా అవుతుంది. ఎందుకంటే రాత తీరు సరిగా ఉందా అని చూస్తుంది గాని, మిగతా కాన్ఫిగ్‌తో పొసగుతుందా అని చూడదు. అది చూసుకునే బాధ్యత కాన్ఫిగ్ పెట్టే ప్రోగ్రాము నెత్తిన పడింది. పడనివ్వండి, కానీ మీ పత్రంలో "వేగంగా కమిట్ అవ్వాలి" అన్న వాక్యం ఉంటే, వదిలేసిన తనిఖీ ఎవరి పనో చెప్పే వాక్యం దాని పక్కనే ఉండాలి.

6. ఇద్దరు ఒకే చోట రాస్తే

ఒకే రూటును రెండు ప్రోగ్రాములు రెండు రకాలుగా పెడితే? ఐ2ఆర్‌ఎస్‌లో ఒక్కో ప్రోగ్రాముకీ ఒక ప్రాధాన్యం ఉంటుంది, ఎక్కువ ఉన్నవారి మాట నిలుస్తుంది. సమానమైతే ముందు రాసిందే ఉంటుంది. చివర రాసినవాళ్లు గెలుస్తారని పెట్టి ఉంటే, సమాన బలమున్న రెండు ప్రోగ్రాములు ఒకరిది ఒకరు చెరుపుకుంటూ తెల్లారేదాకా ఆడుకునేవి. పెట్టె మీద మనిషి చేత్తో కొట్టే లోకల్ కాన్ఫిగ్‌ను కూడా ఇదే తక్కెడలో తూచేలా ప్రాధాన్యం ఇవ్వమన్నారు. అది చాలామందికి తట్టదు. మనిషే ఎప్పుడూ పైచేయి అనుకుంటారు, లేకపోతే ప్రోగ్రామే పైచేయి అనుకుంటారు, ఏదీ రాయరు.

గెలిచినది పోయాక ఏం కనబడాలి? కింద ఉన్న లోకల్ కాన్ఫిగ్ తేలాలా, ఓడిపోయిన ప్రోగ్రాము రాసినది తేలాలా? రెండోది కావాలంటే ఓడిన రాతలన్నీ దాచుకోవాలి, దానికి మెమరీ కావాలి. మీ డ్రాఫ్టులో ఈ ప్రశ్నకు జవాబు లేదని నాకు దాదాపు నమ్మకం.

7. చేసేవాళ్లెవరో చెప్పండి

"తొలగించబడాలి", "పునరుద్ధరించబడాలి" అని రాస్తే వాక్యం హుందాగా ఉంటుంది, పని మాత్రం ఎవరిదీ కాదు. కర్త లేని వాక్యాన్ని నేను చదవకుండానే వెనక్కి పంపేవాణ్ని. రౌటర్ తీసెయ్యాలి, కంట్రోలర్ మళ్లీ పెట్టాలి, ఆపరేటర్ ఖాయం చెయ్యాలి. అంతే.

ఇంగ్లీషు స్పెక్కుల్లో మస్ట్, షుడ్, మే అనే మూడు మాటల బలాబలాలు స్కాట్ బ్రాడ్నర్ 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సి 2119లో పెట్టారు. మస్ట్ అంటే తప్పదు. షుడ్ అంటే తగిన కారణం ఉంటే, పర్యవసానం తెలుసుకుని మానొచ్చు. చిన్న అక్షరాల్లో రాసినా అదే బలమా అన్న సందేహం ఇరవై ఏళ్లు నలిగింది. 2017 మేలో బ్యారీ లీబా ఆర్‌ఎఫ్‌సి 8174 రాసి, పెద్ద అక్షరాల్లో ఉన్నప్పుడే ఆ ప్రత్యేక అర్థమని తేల్చారు. ఆ మాటల అర్థం చెప్పే పేరాను అందరూ తమ పత్రం మొదట్లో అతికిస్తారు. 2119లోనే ఆరో భాగంలో, ఈ మాటలను జాగ్రత్తగా, పొదుపుగా వాడమని ఉంది. దాన్ని మాత్రం ఎవరూ చదవరు.

షుడ్ రాసిన ప్రతిచోటా "ఏ పరిస్థితిలో మానొచ్చు?" అని అడగండి. జవాబు ఉంటే అది కూడా రాయండి. లేకపోతే ఆ షుడ్ అంటే మీటింగులో ఇద్దరు రాజీ పడలేదని అర్థం.

8. దిద్దడమంటే విడగొట్టడం

దిద్దమంటే పిల్లలు విశేషణాలు చేరుస్తారు. తాత్కాలికం కాస్తా "పూర్తిగా తాత్కాలికం" అవుతుంది. ఒక వాక్యాన్ని నిజంగా ఎలా దిద్దాలో చూపిస్తాను. డ్రాఫ్టులో ఇలా ఉందనుకోండి:

"దాడి సమయంలో పెట్టే ఫిల్టర్లు తాత్కాలికంగా ఉండాలి, వీలైనంత త్వరగా తొలగించబడాలి."

మొదట నిల్వ సంగతి విడదీద్దాం. "కంట్రోలర్ పంపిన ఫిల్టరును రౌటర్ శాశ్వత నిల్వలో రాయకూడదు." బాగుంది, కానీ శాశ్వత నిల్వ అంటే? స్టార్టప్ ఫైలొక్కటేనా? రోజూ రాత్రి కాన్ఫిగ్‌ను బయటి సర్వర్‌కి కాపీ చేసే బ్యాకప్ కూడానా? అదీ అయితే రాయండి. రెండో కంట్రోల్ కార్డు మెమరీలో ఉండే కాపీ సంగతి? అది నిల్వ కాదు, ఉండొచ్చు, ఉండాలి కూడా; లేకపోతే కార్డు మారిన క్షణాన దాడి లోపలికొచ్చేస్తుంది. ఇదొక విడి వాక్యం.

"వీలైనంత త్వరగా" దగ్గరికి వద్దాం. "ప్రతి ఫిల్టరుతో పాటు కంట్రోలర్ గడువును సెకన్లలో పంపాలి. గడువు లేని, లేదా గడువు సున్నా అయిన ఫిల్టరును రౌటర్ తిరస్కరించాలి. గడువు ముగిసినప్పుడు రౌటర్ ఫిల్టరును తీసేసి, పెట్టిన కంట్రోలర్‌కు తెలియజెయ్యాలి." సెకన్లు ఏ గడియారం మీద? గోడ గడియారం లాంటి సమయం మీద లెక్కిస్తే, టైమ్ సర్వర్ వచ్చి గడియారాన్ని ముందుకో వెనక్కో జరిపినప్పుడు ఫిల్టరు ముందే పోతుంది, లేదా పోనే పోదు. పెట్టె లేచినప్పటి నుంచి ఎప్పుడూ ముందుకే నడిచే కౌంటర్ మీద లెక్కించాలని రాయాలి.

సెషన్ మాట: "కంట్రోలర్‌తో సెషన్ తెగినంత మాత్రాన రౌటర్ ఫిల్టరును తీసెయ్యకూడదు, గడువు లెక్కను ఆపకూడదు." దాడి జరుగుతున్నప్పుడే సెషన్లు తెగుతాయి. అప్పుడే ఫిల్టరు కావాలి. కాబట్టి ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు.

రీబూట్ మాట: "రీబూట్ తర్వాత రౌటర్‌లో ఈ ఫిల్టర్లు ఉండకూడదు. కావాలంటే కంట్రోలరే మళ్లీ పంపాలి." మళ్లీ పంపేటప్పుడు గడువు మొదటి నుంచా, మిగిలినదా? మొదటి నుంచి అయితే, మాటిమాటికీ రీబూట్ అయ్యే పెట్టెలో పది నిమిషాల ఫిల్టరు పొద్దంతా ఉంటుంది. మిగిలినది పంపాలని నేనైతే రాస్తాను.

ఒక వాక్యం ఇన్ని వాక్యాలైంది. పత్రం లావైందని మేనేజర్ గొణుగుతాడు. గొణగనివ్వండి.

ఇలాంటి వాక్యాలకు ఒక అచ్చు కావాలనుకునేవాళ్లు ఈయర్స్ పద్ధతి చూడండి. విమాన ఇంజన్ల కంట్రోల్ రిక్వైర్‌మెంట్లతో కుస్తీ పట్టిన రోల్స్‌రాయిస్ ఇంజనీర్లు ఆలిస్టర్ మావిన్, ఆయన సహచరులు 2009లో బయటపెట్టారు. ఏదైనా జరిగినప్పుడు, ఏదైనా స్థితిలో ఉన్నంతసేపు, జరగకూడనిది జరిగితే... ఇలా కొద్ది మూసలే. తాత్కాలిక స్థితికి ఇవి బాగా అతుకుతాయి. ఎందుకంటే "ఉన్నంతసేపు" అని మొదలుపెట్టగానే "ఏది ఉన్నంతసేపు?" అని చెయ్యి ఆగుతుంది.

9. అక్కర్లేనిదీ రాయండి

నాలుగు సందేశాలను ఒక కట్టగా చేసి అయితే అన్నీ అవ్వాలి, లేకపోతే ఏదీ కాకూడదు అన్న సదుపాయం తమకు అక్కర్లేదని ఐ2ఆర్‌ఎస్ వాళ్లు ముందే చెప్పేశారు. వేగం కావాలి కాబట్టి ఆ బరువు వద్దనుకున్నారు. రాయకపోయి ఉంటే, మంచి మనసుతో ఎవరో ఒకరు దాన్ని కట్టుకుంటూ కూర్చునేవారు.

10. లేదని ఎలా చూపిస్తారు?

"రీబూట్ తర్వాత ఫిల్టరు ఉండకూడదు" అన్నదాన్ని టెస్టర్ ఎలా పరీక్షిస్తుంది? ఫిల్టరు పెట్టి, రీబూట్ చేసి, చూస్తుంది, లేదు. పాస్ అంటుంది. కానీ పెట్టె లేవడానికి పట్టిన సమయంలో దాని గడువే అయిపోయి ఉండొచ్చు. రీబూట్‌ను పరీక్షించాలంటే గడువు చాలా పొడుగ్గా పెట్టాలి. గడువును పరీక్షించాలంటే రీబూట్ లేకుండా కూర్చోవాలి. సేవ్ నిషేధాన్ని పరీక్షించాలంటే రీబూట్‌కి ముందు ఎవరో ఒకరు సేవ్ కొట్టాలి. ఒక్కో ముగింపుకీ ఒక్కో పరీక్ష, మిగతా ముగింపులన్నీ దూరంగా పెట్టి.

ఉన్నప్పుడు కూడా, అది ఎక్కడి నుంచి వచ్చిందో కనబడకపోతే పరీక్ష సగమే. 2018 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 8342 ఈ విషయంలో మేలు చేసింది. నడుస్తున్న స్థితిని ఒక్కచోట చూపిస్తూ, ఒక్కో విలువకీ దాని పుట్టుక చెప్పే ఏర్పాటు అందులో ఉంది: మనిషి పెట్టిన కాన్ఫిగ్ నుంచా, డైనమిక్ డేటాస్టోర్ నుంచా, ప్రోటోకాల్ నేర్చుకున్నదా, పెట్టె తానే వేసుకున్నదా, డిఫాల్టా. రీబూట్‌కి నిలవని డైనమిక్ డేటాస్టోర్ ఎలా ఉండొచ్చో ఆ పత్రం అనుబంధంలో ఉదాహరణగా కూడా రాశారు. "తాత్కాలికంగా పెట్టిన ప్రతి విలువకూ రౌటర్ దాని పుట్టుకను చూపించాలి" అని ఒక్క వాక్యం చేర్చుకుంటే, రాత్రి మూడింటికి పెట్టె ముందు కూర్చున్న కుర్రాడు ఈ లైనును తీసెయ్యొచ్చా లేదా అని ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు.

జాడ మిగలదనుకున్న సెక్యూరిటీ ఆయన్ని మర్చిపోలేదు. స్థితి పోవాలి, దాని లాగ్ పోకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏం పెట్టారు, రౌటర్ ఏం జవాబిచ్చింది అన్నది రాసి ఉంచడానికి ఆర్‌ఎఫ్‌సి 7922 అని ఐ2ఆర్‌ఎస్ వాళ్లు వేరే పత్రమే వేశారు. ఆ లాగ్‌లో ఫిల్టరు పూర్తి పాఠం ఉంటే, దాని నుంచి ఎవరైనా స్క్రిప్టు రాసి రీబూట్ తర్వాత మళ్లీ ఎక్కించగలరు. అప్పుడు అది శాశ్వత నిల్వ అయినట్టా, కానట్టా? ఈ ప్రశ్న వచ్చిన మీటింగు భోజనాల వేళ దాటింది. చివరికి "రౌటర్ తనంతట తాను" అన్న మూడు మాటలు మా పత్రంలో దాచకూడదన్న నిషేధం ముందు చేర్చి లేచాం.

11. నంబర్లు మార్చకండి

కొట్టేసిన రిక్వైర్‌మెంట్ నంబరు ఖాళీగా వదిలెయ్యండి, ఎదురుగా ఎందుకు కొట్టేశారో ఒక లైను రాయండి. వరస అందంగా ఉండాలని 14ను 13 చేస్తే, పాత 13కి రాసిన టెస్టు కొత్త 13 మీద పాస్ అవుతూనే ఉంటుంది.